ఇంకో హిట్టర్ని తేవాలా, వద్దా: గడువుకి ముందు వేసుకోవాల్సిన లెక్క

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ బేస్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్ నిన్ను ఒక్క పేజీ రాసివ్వమన్నారని, ఇంకో హిట్టర్ని, అంటే బాగా కొట్టే బ్యాటర్ని, తేవాలో వద్దో అందులో తేల్చి చెప్పాలని రాశావు. గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నాయి, వైల్డ్ కార్డ్‌కి (డివిజన్ గెలవని జట్లకి పోస్ట్‌సీజన్‌లో దొరికే చోటు) నాలుగు ఆటల దూరంలో ఉన్నారు, ఆటగాళ్ల బేరాలకి గడువు వారంలోకి వచ్చేసింది. ఇలాంటప్పుడు ఆఫీసులో మాటలు పేర్లతో మొదలవుతాయి. ఫలానావాడు దొరుకుతాడట, ఫలానా జట్టు అమ్మకానికి సిద్ధమట అని. నువ్వు మాత్రం పేర్ల జోలికి చివర్లోనే వెళ్లు. జట్టు ఎందుకు ఓడుతోందో ముందు పరుగుల్లో రాయి.

రెండు అంకెలు చాలు: చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చెప్పిన సూత్రం నీకు తెలిసిందే, ఎన్ని ఆటల్లో గెలవాలో అది చెబుతుంది. చేసిన పరుగుల వర్గాన్ని, రెండు వర్గాల మొత్తంతో భాగించడం. 107 ఆటల్లో 49 గెలిచిన జట్టు 470 చేసి 475 ఇచ్చిందనుకో. సూత్రం ప్రకారం దానికి 53 గెలుపులు రావాలి. ఆ నాలుగు గెలుపులు హిట్టర్ లేక పోయినవి కావు, ఒక్క పరుగు తేడా ఆటల్లో జారిపోయినవి. అలాంటి జట్టు పెద్ద బేరానికి దిగక్కర్లేదు, కంగారు పడకుండా ఉంటే చాలు. అదే జట్టు 420 చేసి 475 ఇచ్చి ఉంటే సూత్రం 47 గెలుపులే ఇస్తుంది. అప్పుడు ఆ 49 కూడా అదృష్టం కలిసొచ్చి వచ్చినవే. ఒక్క హిట్టర్ ఆ గొయ్యి పూడ్చలేడు.

తర్వాత, పరుగులు కారిపోతున్నది ఎక్కడో చూడు. చేసిన పరుగైనా ఆపిన పరుగైనా విలువ ఒకటే. సుమారు పది పరుగులకి ఒక గెలుపు. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ మే నెలలో 19 గెలిచి 31 ఓడారు. హిట్టర్ కావాలని అరిచినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. కానీ కారుతున్నది బుల్‌పెన్, అంటే ఆట మధ్యలో దిగే రిలీవర్లనే పిచర్ల బృందం. ఏ జట్టూ లేక ఖాళీగా ఉన్న బ్యాటర్ గెరార్డో పార్రాని మే నెలలో ఆటగాళ్లనెవర్నీ ఇవ్వకుండానే తెచ్చుకున్నారు. జూలై 31న డేనియల్ హడ్సన్, రోయెనిస్ ఎలియాస్, హంటర్ స్ట్రిక్లాండ్ అని ముగ్గురు రిలీవర్లనే కొన్నారు. ఏడాది 93 గెలుపులతో ముగిసింది. వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో చివరి అవుట్ తీసింది ఆ హడ్సనే. రోగం ఒకచోట, మందు ఒకచోట కాకూడదు తల్లీ.

కారుతున్నది బ్యాటింగే అని తేలిందనుకో. అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. వచ్చేవాడు ఎంత గొప్పవాడో లెక్కేస్తారు గానీ, వాడు ఎవరి కుర్చీలో కూర్చుంటాడో చూడరు. లెక్క కట్టాల్సింది ఆ ఇద్దరి మధ్య తేడాని.

రోజూ ఆడే బ్యాటర్ ఆటకి సగటున 4.2 సార్లు ప్లేటు దగ్గరికి వస్తాడు. గడువు తర్వాత 54 ఆటలు మిగిలితే దాదాపు 225 సార్లు. లీగ్ సగటు బ్యాటర్ వచ్చినప్పుడల్లా 0.12 పరుగు తెస్తాడనుకుంటే మొత్తం 27 పరుగులు. ఇప్పుడు డబ్ల్యూఆర్‌సీ ప్లస్ (లీగ్ సగటుని 100గా పెట్టి బ్యాటర్‌ని కొలిచే అంకె) 115 ఉన్నవాణ్ని తెస్తే 31 పరుగులు. వాడు పక్కకి నెట్టేది 70 ఉన్నవాణ్నయితే, ఆ పాతవాడు తెచ్చేది 19. తేడా 12 పరుగులు, అంటే ఒక గెలుపు, పైన కాస్త. అదే 115 వాడు 95 ఉన్నవాడి కుర్చీలో కూర్చుంటే తేడా 5 పరుగులు, అర గెలుపు. మనిషి ఒక్కడే, ధర ఒక్కటే, ఫలితం మాత్రం సగానికి పడిపోయింది. నీ పేజీలో మిగతావి మర్చిపోయినా పర్వాలేదు గానీ, ఈ పట్టిక మాత్రం ఉండాలి. తొమ్మిది స్థానాలు, ఒక్కోచోట ఇప్పుడు ఆడుతున్నవాడి అంకె, రాబోయే రెండు నెలలకి నీ అంచనా.

ఆ 12లోంచి ఫీల్డింగ్ తీసెయ్. ఏడాదికి 10 పరుగులు పోగొట్టే లెఫ్ట్ ఫీల్డరయితే రెండు నెలల్లో 3 పరుగులు పోతాయి, మిగిలేది 9. డీహెచ్‌గా, అంటే ఫీల్డింగ్ చెయ్యకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా, ఆడిస్తే ఆ నష్టం ఉండదు. 2022 నుంచి రెండు లీగుల్లోనూ డీహెచ్ ఉంది కాబట్టి అది తేలికైన దారిగా కనిపిస్తుంది. కానీ వాడు డీహెచ్‌కి వెళితే ఇప్పుడున్న డీహెచ్ ఎక్కడికి వెళ్తాడు? మొదటి బేస్‌కి వెళితే అక్కడివాడి సంగతేమిటి? గొలుసు చివరిదాకా రాసి, ఆఖరికి బెంచి మీద ఎవరు మిగులుతారో వాడితో పోల్చు.

2015లో న్యూయార్క్ మెట్స్ లైనప్ చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. జూలై 23న పిచర్ క్లేటన్ కెర్షా మీద బ్యాటింగ్ వరసలో నాలుగో స్థానంలో జాన్ మేబెరీ జూనియర్, ఐదో స్థానంలో ఎరిక్ క్యాంప్‌బెల్ దిగారు. ఇద్దరి సగటూ .180కి దిగువనే. మరోపక్క డిగ్రామ్, హార్వీ, సిండర్‌గార్డ్ లాంటి పిచర్లు ఎదుటివాళ్లని కట్టిపడేస్తున్నారు. పిచింగ్ బలంగా ఉండి, లైనప్ నడిమధ్యన అంత గొయ్యి ఉన్న జట్టుకి హిట్టర్ అవసరమని వేరే చెప్పాలా? మొదట కుర్రాళ్లు ఆడే దిగువ లీగుల్లో ఒకటైన డబుల్-ఏ నుంచి మైకేల్ కన్‌ఫోర్టోని పిలిచారు. తర్వాత హువాన్ ఉరిబేని, కెల్లీ జాన్సన్‌ని తక్కువ ధరకి తెచ్చారు. జూలై 31న యోయెనిస్ సెస్పెడెస్ వచ్చాడు, 57 ఆటల్లో 17 హోమ్ రన్లు కొట్టాడు. జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఆ వరస గమనించు: ముందు సొంత ఇంట్లోవాడు, తర్వాత చవకవాళ్లు, ఆఖర్న ఖరీదైనవాడు. ఇచ్చింది కూడా తక్కువేమీ కాదు. అప్పుడు పంపిన మైకేల్ ఫుల్మర్ మరుసటి ఏడాదే అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు.

గొయ్యి ఉందని తేల్చే ముందు, అది నిజంగా గొయ్యేనా అని కూడా చూడు. మీ మూడో బేస్‌మన్ .210 కొడుతున్నాడని అందరూ విసుక్కుంటూ ఉండొచ్చు. వాడి స్ట్రైకవుట్లు పెరిగాయా? బంతి బ్యాట్‌ని వదిలే వేగం తగ్గిందా? గంటకి 95 మైళ్లు దాటిన దెబ్బలు నిరుటి లెక్కలోనే ఉన్నాయా? వేగం అలాగే ఉండి, కొట్టిన బంతులు మాత్రం ఫీల్డర్ల చేతుల్లో పడుతుంటే ఆ సగటు దానంతటదే లేస్తుంది. మైదానంలో పడ్డ బంతుల మీద సగటు లీగ్ మొత్తానికి .300 దరిదాపుల్లో ఉంటుంది. రెండు నెలలు .240 దగ్గర ఉన్నవాణ్ని తీసి పక్కన పెట్టడమంటే, వాడు కోలుకునే వేళకి వేరేవాడికి జీతం కట్టడమే. అదే స్ట్రైకవుట్లు పెరిగి, వేగమూ పడిపోతే అది దురదృష్టం కాదు. గాయమో వయసో అయి ఉంటుంది, అప్పుడు బేరం చూడాల్సిందే. స్కోరింగ్ పొజిషన్‌లో, అంటే రెండో మూడో బేస్‌లో, రన్నర్లు ఉన్నప్పుడు మనవాళ్లు కొట్టడం లేదన్న ఫిర్యాదు కూడా వస్తుంది. ఆ అంకె నెలనెలా ఊగుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని మనిషిని కొనకూడదు.

ఇక అందరూ ఉదాహరణగా చెప్పే 2021 అట్లాంటా బ్రేవ్స్ సంగతి. జూలై 10న రొనాల్డ్ అకూన్యా జూనియర్ మోకాలి లిగమెంట్ తెగింది. మార్సెల్ ఓజూనా మే నెలాఖరు నుంచే లేడు. అవుట్‌ఫీల్డ్ మొత్తం ఖాళీ. ఆగస్టు 6 దాకా ఆ జట్టు గెలుపులు ఓటముల్ని దాటలేదు. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపొలస్ ఒక్క పెద్ద పేరు కోసం వెతకలేదు, నలుగురిని తెచ్చాడు: జాక్ పీడర్సన్, ఆడమ్ డువాల్, హోర్హే సోలేర్, ఎడ్డీ రొసారియో. వాళ్లలో సోలేర్ అప్పటికి కొడుతున్నది .192. అయినా రెండేళ్ల కిందట 48 హోమ్ రన్లు కొట్టిన మనిషి, బంతిని బలంగా కొట్టే గుణం పోలేదు. అట్లాంటాలో 55 ఆటల్లో 14 హోమ్ రన్లు కొట్టాడు. రొసారియో కడుపు కండరం గాయంతో ఆటకి దూరంగా ఉన్నాడు. అతని కోసం ఇచ్చింది కెరీర్ చివర్లో ఉన్న పాబ్లో సాండోవాల్‌ని, అతన్ని క్లీవ్‌లాండ్ వెంటనే వదిలేసింది. 88 గెలుపులతో ఆ జట్టు టైటిల్ గెలిచింది. లీగ్ ఫైనల్లో రొసారియో, వరల్డ్ సిరీస్‌లో సోలేర్ ఉత్తమ ఆటగాళ్లయ్యారు.

ఇది చూసి మనమూ నలుగుర్ని తెద్దామంటారు. వాళ్లకి మూడు స్థానాల్లో నిజమైన గోతులు ఉన్నాయి, అందుకే ఒక్కో మనిషి దగ్గరా పూర్తి తేడా దక్కింది. పైగా డివిజన్‌లో ఎవరూ దూసుకుపోలేదు, పైనున్నవాళ్లు కొద్ది ఆటల దూరంలోనే ఉన్నారు. మీ డివిజన్‌లో మొదటి జట్టు పన్నెండు ఆటల ముందుంటే ఈ ఉదాహరణ మీకు వర్తించదు.

వర్తించేది బహుశా 2023 ఏంజెల్స్ కథ. జట్టులో పెద్ద తారలైన ఇద్దరిలో ట్రౌట్ చెయ్యి విరిగి ఉంది, ఒటానీ ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తోంది. జూలై చివర్లో పిచర్లు జియొలీటో, రేనాల్డో లోపెజ్‌లని, తర్వాత కొలరాడో నుంచి బ్యాటర్లు సి.జె. క్రాన్‌ని, రాండల్ గ్రిచుక్‌ని కొన్నారు. ఆగస్టంతా ఓడుతూ పోయి, నెలాఖరుకి కొన్నవాళ్లలో పలువురిని వేవర్ల మీద, అంటే కావాల్సిన జట్టు జీతం భరించి ఊరికే తీసుకుపోవచ్చని, పెట్టేశారు. క్రాన్ వెన్నునొప్పితో కొద్ది ఆటలే ఆడాడు. లెక్క తేలింది 73 గెలుపులు, 89 ఓటములు. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టయింది.

కొలరాడో నుంచి ఎవర్నైనా తెస్తుంటే ఇంట్లో ఆడిన అంకెలు, బయట ఆడిన అంకెలు విడివిడిగా రాయి. వాళ్ల మైదానం కూర్స్ ఫీల్డ్ సముద్ర మట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. పల్చటి గాలిలో బంతి దూరం పోతుంది, బ్రేకింగ్ పిచ్‌లు (వంపు తిరిగే బంతులు) అంతగా తిరగవు. మీ మైదానం కొలతలు కూడా చూసుకో. యాంకీ స్టేడియంలో కుడి గీత 314 అడుగులే, అక్కడ ఎడమచేతి బ్యాటర్‌కి హోమ్ రన్ అయ్యే దెబ్బ ఇంకోచోట క్యాచ్ అవుతుంది. ఇంకో సంగతి. లీగ్‌లో ఎక్కువమంది కుడిచేతి పిచర్లే కాబట్టి ఎడమచేతి బ్యాటర్‌కి పని ఎక్కువ దొరుకుతుంది. ఎడమచేతి పిచర్ల మీద మాత్రమే కొట్టేవాణ్ని తెస్తే నేను చెప్పిన 225లో మూడో వంతే వాడి చేతికి వస్తాయి.

అంచనాల్లో ఎప్పుడూ వెడల్పు పెట్టు. 2022లో శాన్ డియేగో వాషింగ్టన్ నుంచి హువాన్ సోటోతోపాటు జాష్ బెల్‌ని తెచ్చింది. వాషింగ్టన్‌లో .301 కొట్టిన బెల్, శాన్ డియేగోలో .192 దగ్గర ఆగాడు. మనిషి మారలేదు, రెండు నెలల్లో అలా జరుగుతుందంతే. కాబట్టి 12 పరుగులు అని ఒక్క అంకె రాయకు. 2 నుంచి 22 దాకా, నడుమ 12 అని రాయి.

ధర విషయం. ఏడాదితో ఒప్పందం ముగిసేవాడైతే మీకు దక్కేది ఆ రెండు నెలలే. సీజన్ మధ్యలో వచ్చినవాడికి క్వాలిఫైయింగ్ ఆఫర్ (ఒప్పందం ముగిసినవాడికి జట్టు ఇచ్చే ఏడాది ఒప్పందం) ఇవ్వడం కుదరదు కాబట్టి వాడు వెళ్లిపోతే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ని ఎంచుకునే హక్కు) కూడా రాదు. అలాంటివాడికి ఒక దిగువ స్థాయి కుర్రాణ్ని ఇవ్వచ్చు. ఇంకో రెండు మూడేళ్లు మీ దగ్గర ఉండేవాడైతే ఈ ఏడాది నిలబడకపోయినా కొనుగోలు అర్థవంతమే, మంచి కుర్రాణ్ని ఇచ్చినా తప్పులేదు. నువ్వు చెప్పిన పరిస్థితిలో నా మొగ్గు ఇటే. నాలుగు ఆటల దూరాన్ని ఒకటింబావు గెలుపు తెచ్చేవాడితో దాటాలని చూస్తే, మిగతాది అదృష్టానికి వదిలినట్టే. వచ్చే ఏడాదికీ పనికొచ్చేవాడైతే తీసుకోండి, లేకపోతే ట్రిపుల్-ఏలో (మీకు సరిగ్గా కింది లీగ్) ఉన్న కుర్రాడికి ఆ 225 అవకాశాలూ ఇవ్వండి.

జీతం రోజుల లెక్కన ఉంటుంది, గడువునాటికి సుమారు మూడో వంతు మిగులుతుంది. కోటి ఇరవై లక్షల డాలర్ల మనిషికి ఇంకా 40 లక్షలు కట్టాలి. జీతాల మొత్తం మీద లీగ్ పెట్టిన పన్ను గీత దాటిన జట్టయితే మొదటిసారికి 20 శాతం, వరసగా మూడో ఏడాదికి 50 శాతం అదనం. అమ్మేవాళ్లు జీతం భరిస్తామంటే కుర్రాళ్లని ఎక్కువ అడుగుతారు. జట్టు ఉంచుకోగల 40 మంది జాబితాలో ఖాళీ లేకపోతే ఎవరిని వదులుతారో ఆ పేరు కూడా పేజీలో ఉండాలి, ఎందుకంటే అతనూ ధరలో భాగమే. పదేళ్ల సర్వీసు ఉండి, అందులో ఆఖరి ఐదేళ్లు అదే జట్టులో ఉన్నవాడు వద్దంటే బేరం ఆగిపోతుంది. ఈ సంగతి మొదటి ఫోన్‌కి ముందే తెలుసుకోండి. 2019 నుంచి ఆగస్టు బేరాలు లేవు. గడువు దాటాక వేవర్లలో దొరికేవాళ్లే. వాళ్లు కూడా ఆగస్టు 31 లోపు మీ దగ్గర ఉంటేనే పోస్ట్‌సీజన్ ఆడతారు.

వైద్య నివేదికలకి కనీసం ఒక పూట ఉంచుకోండి. 2015లో మెట్స్ సెస్పెడెస్‌కి రెండు రోజుల ముందు కార్లోస్ గోమెజ్ కోసం బేరం కుదుర్చుకున్నారు. ఆట జరుగుతుండగానే వార్త బయటికి పొక్కింది. పంపేస్తున్నారని విన్న మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్ మైదానంలో కళ్లు తుడుచుకుంటూ ఆడాడు. ఆ తర్వాత వైద్య నివేదికల దగ్గర బేరం ఆగిపోయింది, అతను మెట్స్‌లోనే ఉండిపోయాడు. అందుకని నీ పేజీలో మీ జట్టు నుంచి వెళ్లే కుర్రాళ్ల పేర్లు రాయకు, అక్షరాలతో గుర్తించు. పేర్ల కాగితం మీ జనరల్ మేనేజర్ చేతికి విడిగా ఇవ్వు. ఆ రోజు లైనప్‌లో ఉన్నవాడి పేరు బేరంలోకి వస్తే, ఆట మొదలయ్యేలోపే మేనేజర్‌కి ఫోన్ చేసి అతన్ని పక్కన ఉంచమని చెప్పాలని గుర్తుచెయ్యి.

మీ పెదనాన్న