ల్యాబ్‌లో తినకూడదు, తాగకూడదు అన్న రూలు పిల్లల చేత పాటింపజేయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ, డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తూ తల నెరిసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పిల్లలు వింటారండీ, వినంది పెద్దవాళ్లే.

నేను కొత్తగా చేరిన కాలేజీలో (పేరెందుకులెండి) ల్యాబ్ గుమ్మం మీద ఒడియాలో, ఇంగ్లీషులో ఎర్ర రంగుతో బోర్డు ఉండేది. ఆ బోర్డుకి నాలుగడుగుల దూరంలో మా సీనియర్ మాస్టారు స్పిరిట్ దీపం మీద బీకరు పెట్టి టీ కాచుకునేవారు. పంచదార కలపడానికి గాజు కడ్డీ!

ఓ ఏప్రిల్ మధ్యాహ్నం పర్మాంగనేట్ టైట్రేషన్ (ద్రావణం ఎంత గాఢమో కొలిచే ప్రయోగం) జరుగుతోంది. కరెంటు లేదు, ఒళ్లంతా చెమట. ఒకమ్మాయి సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పింది.

"ఏటమ్మా, బోర్డు కనబడలేదా?" అని మాస్టారు గదిమారు.

ఆ పిల్ల బెదరలేదు. చేతిలో ఉన్న పిపెట్ (ద్రావణాన్ని కొలిచి తీసే గాజు గొట్టం) చూపించి, "మరి దీన్ని నోటితో పీల్చమన్నారు కదండీ మాస్టారూ" అంది.

పిపెట్‌లో ఉన్నది ఆక్సాలిక్ యాసిడ్. అచ్చంగా విషం. మంచినీళ్లు తాగితే తప్పు, దాన్ని నోటితో లాగితే ప్రాక్టికల్. నోటికి బదులు పీల్చడానికి రబ్బరు బల్బులు కొనమని అడిగితే ఆఫీసులో డబ్బుల్లేవనేవారు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే మాత్రం రాత్రికి రాత్రి కొత్త ఫ్లెక్సీలు లేచేవి.

తరవాత నా చేతికి ల్యాబ్ వచ్చాక మొదట స్టాఫ్ టీ బయటికి పంపాను. రెండోది, వరండాలో ఒక బల్ల, మంచినీళ్ల కుండ పెట్టించాను. సీసాలూ టిఫిన్ డబ్బాలూ ఆ బల్ల మీదే. దాహమేస్తే చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లి తాగి రావచ్చు, నన్ను అడగక్కర్లేదు. గొడవ దాదాపు అక్కడితో తీరిపోయింది. ఫైన్లు వేస్తే దొంగచాటుగా తినడం నేర్చుకుంటారు తప్ప మానరు.

చేతులు కడుక్కోమనడానికి 1879 నాటి ఫాల్‌బెర్గ్ అనే కెమిస్టు కథ చెప్పేవాణ్ణి. ల్యాబ్ నుంచి ఇంటికెళ్లి రొట్టె తింటే తియ్యగా తగిలిందట, చేతికి అంటుకున్న పదార్థం వల్ల. అదే శాకరిన్, పంచదారకి బదులు వాడే తీపి పదార్థం. అయితే పిల్లలకి అందులో తీపి ఒక్కటే గుర్తుండేది! అందుకని సిల్వర్ నైట్రేట్‌కి మారాను. ఇవాళ వేలి మీద పడిన చుక్క రేపటికి నల్లగా తేలుతుంది. "నిన్న సాయంత్రం ముఢీ (మరమరాలు) తిన్నది ఈ వేళ్లతోనేనా?" అని అడిగితే చాలు, ఆ బ్యాచ్ అంతా సబ్బు దగ్గర క్యూ కడుతుంది.

మీరు అడగలేదు గానీ, ఇప్పుడు నా టెన్షనంతా ఫోన్లతోనే. విషమైన బేరియం క్లోరైడ్ అంటిన చేత్తో రీల్స్ తిప్పుతారు. చేతులు కడుక్కుంటారు గానీ ఫోను కడగరు కదా, తిండి ముందు మళ్లీ అదే పట్టుకుంటారు. బల్ల మీద పెట్టి రమ్మంటే ప్రాణం పోయినట్టు చూస్తారు. దీనికి మందు తెలిసినవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి.