అరుదు, విరళం, దుర్లభం: ఏది ఎక్కడ?

సందేహం: కేబీఆర్ పార్కులో తోటి విద్యార్థులతో కలిసి పక్షులను లెక్కపెట్టాను. ఆ నివేదికను తెలుగులో రాయాలంటే టెన్షన్‌గా ఉంది. అరుదైన, విరళమైన, దుర్లభమైన, అంతరించిపోతున్న – ఈ నాలుగూ ఒకటేనా? ‘అరుదుతనాన్ని కొలవడం’ అనవచ్చా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: ఒకటి కావమ్మా. ‘అంతరించిపోతున్న’ను ముందు పక్కన పెట్టండి. అది తగ్గిపోవడాన్ని చెబుతుంది. ‘అరుదు’ ఇప్పుడున్న స్థితిని చెబుతుంది. మన బస్తీల్లో ఊరపిచ్చుకలు తగ్గాయని అందరం అనుకుంటాం. అయినా ప్రపంచం మొత్తం మీద చూస్తే అది అరుదైన పక్షి కాదు.

దుర్లభం అంటే దొరకడం కష్టమైనది. వెతికేవాడి కష్టాన్ని చెబుతుందే గాని, అవి ఎన్ని ఉన్నాయో చెప్పదు. విరళం అంటే ఎడమెడంగా ఉన్నది. ‘అవిరళ కృషి’ అంటే ఎడతెగని కృషి అనే కదా! చాలా మేర వ్యాపించి, ఎక్కడా గుంపుగా లేకుండా పలచగా ఉండే జాతికి ‘విరళం’ చక్కగా అతుకుతుంది. ఇంత మంచి మాట వాడుకలోంచి జారిపోతోందని నాకు బాధ.

‘అరుదు’ వీటన్నిటికంటే విశాలమైన మాట. పాత తెలుగులో దానికి ఆశ్చర్యం అనే అర్థం కూడా ఉంది. అంత విశాలమైనది కాబట్టే, ఏ విధంగా అరుదో చెప్పకుండా వాడకండి. 1981లో డెబొరా రాబినోవిట్జ్ అనే వృక్షశాస్త్రవేత్త మూడు ప్రశ్నలు వేశారు. ఆ జాతి ఎంత మేర వ్యాపించింది? ఎన్ని రకాల తావుల్లో బతుకుతుంది? ఉన్నచోట ఎన్ని ఉన్నాయి? జవాబులను కలిపి చూస్తే ఎనిమిది స్థితులు వస్తాయి. ఒక్కటే సాధారణం, మిగతా ఏడూ ఏదో ఒక విధంగా అరుదు. లేదనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి మూడు విధాలా అరుదే.

‘అరుదైన పక్షి’ వేరు, ‘అరుదుగా కనిపించే పక్షి’ వేరు. పొద్దున్నే లెక్కకు వెళ్లేవారికి గుడ్లగూబ అరుదుగా కనిపిస్తుంది. అక్కడ చాలానే ఉండవచ్చు. మీ లెక్కలో ఒక్కసారే కంటబడిన జాతి గురించి ‘ఒక్కసారే కనిపించింది’ అనే రాయండి. అలాంటివి ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టే, ఇంకా కంటబడని జాతులు ఎన్ని ఉండవచ్చో శాస్త్రవేత్తలు అంచనా కడతారు.

ఇక ‘అరుదుతనం’. ‘ఆయన రావడం అరుదు’ అంటాం కదా, అరుదు తానే నామవాచకం. దానికి ‘తనం’ చేర్చడం తప్పని అనను గాని, అవసరం లేదు. ‘ఏ జాతి ఎంత అరుదో కొలిచాం’ అని రాసి, వెంటనే ఎక్కడ, ఎన్నింటిలో ఎన్ని అన్నది చెప్పండి.