ఇంట్లో తెలుగు మానేస్తే బాబుకి గ్రీకు బాగా వస్తుందా?

ప్రశ్న: మేం ఏథెన్స్‌లో ఉంటాం. బాబుకి ఆరేళ్లు. రెండేళ్లుగా గ్రీకు బడికి వెళ్తున్నాడు, ఇంట్లో తెలుగే. గ్రీకులో చిన్న చిన్న మాటలు మింగేస్తున్నాడని, పొడుగు వాక్యం చెప్పి తిరిగి చెప్పమంటే సగమే చెబుతున్నాడని టీచర్ అంటున్నారు. వినికిడి పరీక్షలో లోపమేమీ లేదు. కొందరు తెలుగు మానేయమంటున్నారు, ఇంకొందరు మెమరీ యాప్ కొనమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఓ తల్లి

జవాబు: తెలుగు మాత్రం మానేయకండమ్మా. రెండు భాషలు వినడం వల్ల ఈ సమస్య రాదు. మీరు తడుముకుంటూ మాట్లాడే గ్రీకు కన్నా ధారాళంగా మాట్లాడే తెలుగే బాబుకి మేలు చేస్తుంది.

అయితే టీచర్ మాటని తేలిగ్గా తీసుకోవద్దు. వినికిడి, తెలివితేటలు బాగున్నా భాష మాత్రం పట్టుబడని పిల్లలుంటారు. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, పొట్టిగా డీఎల్‌డీ అంటారు. ఇంగ్లండ్, అమెరికా సర్వేల్లో బడిలో చేరే వయసు పిల్లల్లో సుమారు 7 శాతం మందిలో ఇది కనిపించింది. గ్రీకు పిల్లల్లో ఇది బాగా బయటపడేది తొ, తొన్, తిన్ అనే చిన్న సర్వనామాల దగ్గర. 'బంతి చూశావా' అని అడిగితే మనకి 'చూశా' అంటే సరిపోతుంది. గ్రీకులో 'తిన్ ఈదా', అంటే 'దాన్ని చూశా' అనాల్సిందే. తెలుగు అలవాటుతో మీ బాబు కూడా దాన్ని వదిలేయొచ్చు. అందుకే ఈ ఒక్క తప్పుతో డీఎల్‌డీ అని తేల్చకూడదు.

నేనైతే ముందు తెలుగు సంగతే అడుగుతాను. 'నాన్న వచ్చింది' లాంటి తప్పులు ఇంకా వస్తున్నాయా? బడిలో జరిగింది వరసగా చెప్పగలడా? ఫోన్లో అమ్మమ్మకి వాడి మాట అర్థమవుతోందా? డీఎల్‌డీ ఉంటే రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉంటుంది. తెలుగు చక్కగా ఉంటే, గ్రీకుకి ఇంకొంత సమయం పడుతుందంతే.

ఇక జ్ఞాపకశక్తి. విన్న మాటని కొన్ని క్షణాలు మనసులో నిలుపుకోవడం డీఎల్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి కష్టం. అర్థం లేని పొడుగు మాటలు చెప్పి, తిరిగి చెప్పించి దీన్ని పరీక్షిస్తారు. కానీ వ్యాకరణం తప్పులన్నీ దాన్నుంచే రావు. అదే 'తిన్' నామవాచకం ముందు ఆర్టికల్‌గా (ఇంగ్లిష్ 'ది' లాగా) వచ్చినప్పటి కన్నా సర్వనామంగా వచ్చినప్పుడు ఈ పిల్లలు ఎక్కువగా వదిలేస్తారని గ్రీకు పరిశోధకులు గమనించారు. వినపడే శబ్దం ఒకటే కదా, జ్ఞాపకశక్తి ఒక్కటే కారణమైతే రెండు చోట్లా ఒకేలా వదిలేయాలి! మెమరీ యాప్‌లు ఆడే పిల్లలు ఆ ఆటల్లో మెరుగవుతారు గానీ, మాటలో పెద్దగా మార్పు రాదు. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి దాచుకోండి.

గ్రీస్‌లో ఇలాంటి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ కేంద్రాలున్నాయి, కెడాసి అంటారు. దారి బడివాళ్లే చెబుతారు. బాబు తెలుగులో కబుర్లు చెబుతున్న వీడియో ఒకటి తీసుకెళ్లి, అందులో ఎక్కడ తప్పులున్నాయో మీరే వాళ్లకి వివరించండి. ఇంట్లో వాడు తప్పు మాట్లాడితే ఆపి దిద్దొద్దు. 'నాన్న వచ్చింది' అంటే, 'అవును, నాన్న వచ్చాడు, సంచి కూడా తెచ్చాడు' అని మామూలుగా అనేసి కబుర్లు కొనసాగించండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఇదివరకు బాగా వచ్చిన మాటలు ఇప్పుడు పోతుంటే, స్పీచ్ థెరపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే పిల్లల న్యూరాలజిస్టుకి చూపించండి.