బుకానన్ అనే డిస్ట్రాయర్ కాంప్‌బెల్‌టౌన్ ఎలా అయింది?

మీరు అడిగింది 1919లో సర్వీసులోకి వచ్చిన బుకానన్ అనే అమెరికన్ డిస్ట్రాయర్ గురించి. దానికంత పేరెలా వచ్చింది, సర్వీసంతా యుద్ధాలేనా అని.

యుద్ధాల మాట అటుంచండి, అమెరికా నేవీలో ఉన్న కాలంలో దాదాపు సగం అది కట్టేసే ఉంది. మెయిన్ రాష్ట్రంలోని బాత్ యార్డులో కట్టి నీళ్లలోకి దించేసరికే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది. 1922 నుంచి 1930 వరకు, మళ్లీ 1937 నుంచి 1939 వరకు శాన్ డియాగోలో రిజర్వులో పడేశారు. (ఈ ఓడకి పేరిచ్చిన ఫ్రాంక్లిన్ బుకానన్ అంటే 1862లో వర్జీనియా అనే ఇనుప నౌకతో కంబర్లాండ్ అనే ఓడని ఢీకొట్టి ముంచినాయన. ఆ పేరు ఈ ఓడకి భలే కుదిరింది, ఎందుకో చూడండి.) 1940 సెప్టెంబరులో, స్థావరాలకు బదులుగా బ్రిటన్‌కి ఇచ్చిన 50 పాత డిస్ట్రాయర్లలో ఇదీ వెళ్లింది. అప్పుడే కాంప్‌బెల్‌టౌన్ అయింది.

పేరొచ్చింది చివరి రాత్రితోనే. నేను ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక ఆదివారం రైలెక్కి సాన్ నజేర్ రేవుకి వెళ్లి, ఆ రాత్రి అది గుద్దిన డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడల్ని బాగుచేసే చోటు) చూశాను. 350 మీటర్ల పొడవు, చుట్టూ తిరిగేసరికి కాళ్లు లాగాయి. అప్పట్లో జర్మన్ల చేతిలో ఉన్న అట్లాంటిక్ తీరంలో టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక పట్టే డాక్ ఇదొక్కటే. ఇది పాడైతే టిర్పిట్జ్ అటువైపు రావడానికి జంకుతుందని బ్రిటిష్ వాళ్ల లెక్క. అందుకే కాంప్‌బెల్‌టౌన్‌తో దాని మీద దాడికి దిగారు.

దాడికి ముందు ఓడ బరువు అంతగా ఎందుకు తగ్గించారో చదివినప్పుడు నాకు ఎక్కలేదు. పోటు తీశాక లువార్ నది మొగ చూస్తే తెలిసింది. మాది గోదావరి పక్క ఊరు, ఇసుక మేటలు నాకు కొత్త కాదు. లోతైన దారి జర్మన్ ఫిరంగుల ఎదుటే ఉంది, అందుకని పెద్ద పోటు చూసుకుని మేటల మీదుగా వచ్చారు. అయినా అడుగు రెండుసార్లు రాసుకుంది. జర్మన్ నౌకలా కనిపించాలని నాలుగు పొగగొట్టాల్లో రెండు పీకేశారు. ముందు భాగంలో నాలుగు టన్నులకు పైగా పేలుడు పదార్థం దాచారు.

1942 మార్చి 28 రాత్రి 1:34కి కెప్టెన్ స్టీఫెన్ బీటీ ఓడని నేరుగా డాక్ గేటుకి గుద్దించాడు. పేలింది మాత్రం తెల్లారాక, అదే రోజు మధ్యాహ్నం వేళకి, జర్మన్లు ఎక్కి చూస్తుండగా. దాడికి వచ్చిన 600 పైచిలుకు మందిలో 169 మంది పోయారు. యుద్ధం అయ్యేదాకా డాక్ పనికి రాలేదు.

ఇప్పుడు మళ్లీ వాడుకలోనే ఉంది. వెళ్తే ఓడ కోసం వెతక్కండి. నేను వెతికి, చివరికి అక్కడి కాపలా ఆయనని అడిగి నవ్వులపాలయ్యాను.