మోకాలికి బెల్టు కొనేముందు నొప్పి ఎక్కడో, ఎందుకో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 58 ఏళ్ళు, మెట్లు దిగుతుంటే, కింద కూర్చుని లేస్తుంటే మోకాళ్ళు నొప్పి. తమ్ముడికి వాలీబాల్ ఆడుతూ మోకాలు మెలి తిరిగింది, వాపు తగ్గింది, నడుస్తున్నాడు, కానీ చటుక్కున పక్కకు తిరిగితే మోకాలు జారిపోయినట్టు అవుతోంది. ఇద్దరికీ ఒకే రకం నీక్యాప్ ఆన్‌లైన్‌లో తెప్పించాలా, పర్లాకిమిడిలోనే కొనాలా అని. ఒకే రకం మాత్రం తెప్పించకండి. ఇద్దరివీ పూర్తిగా వేరు సమస్యలు, తమ్ముడికైతే ముందు డాక్టరు, తరువాతే బెల్టు.

మాది గుణుపురం. నేనూ వాలీబాల్ ఆడేవాణ్ణే, నెట్ దగ్గర ఎగిరి దిగినప్పుడు పక్కవాడి కాలు మీద నా కాలు పడి మోకాలు లోపలికి వంగింది. బరంపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఫోటోలూ స్కానింగులూ అడగకముందే కాలిని కొంచెం మడిచి, ఒక చేత్తో మడమ దగ్గర పట్టుకుని ఇంకో చేత్తో మోకాలిని పక్కకు నెట్టి చూశారు. లోపలి వైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) సాగింది, తెగలేదు అని తేల్చి, హింజ్ ఉన్న బ్రేస్ రాశారు. అంటే తలుపుకు బందు ఉన్నట్టు మోకాలికి రెండు పక్కలా లోహపు బద్దలు, మధ్యలో కీలు ఉంటుంది. కాలు ముందుకీ వెనక్కీ మడవనిస్తుంది, పక్కకు మాత్రం వంగనివ్వదు. నాకు కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే దెబ్బ తగిలింది పక్కనున్న లిగమెంట్‌కి. ఇదే మామూలు గుడ్డ నీక్యాప్ అయితే వెచ్చగా, బిగువుగా ఉండి ధైర్యంగా అనిపిస్తుంది, కానీ పక్కకు వంగకుండా ఆపే బలం దానికి లేదు. మన వైపు చాలామంది ఆటగాళ్ళు దెబ్బ తగలగానే ఆ గుడ్డది తొడుక్కుని మళ్ళీ గ్రౌండ్‌లోకి దిగుతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మీ తమ్ముడి విషయానికి వస్తే, జారిపోయినట్టు అవుతోందన్న మాట చదివి నాకు కొంచెం టెన్షన్ వచ్చింది. దెబ్బ తగిలినప్పుడు లోపల టక్‌మని శబ్దం వచ్చిందా, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిందా అని అడగండి. ఈ రెండూ ఉండి, ఇప్పుడు మలుపులో మోకాలు నిలవట్లేదంటే మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ లిగమెంట్ తెగి ఉండే అవకాశం ఉంది. తొడను ఒక చేత్తో, పిక్క పైభాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ముందుకు లాగి చూస్తే అనుభవమున్న ఎముకల డాక్టరుకు చాలావరకు తెలిసిపోతుంది, ఆ తరువాత అవసరమైతే ఎమ్మారై రాస్తారు. తెగిన ఏసీఎల్‌ని ఏ బ్రేస్ కూడా అతికించదు. బ్రేస్ వేసుకుని ఆడుతూ మోకాలు మళ్ళీ మళ్ళీ జారితే లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరగొచ్చు, అప్పుడు చిన్న సమస్య పెద్దదవుతుంది. కాబట్టి తేలేదాకా ఆట ఆపించండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఎముకల విభాగం ఉంది, మీకు శ్రీకాకుళం దగ్గరనిపిస్తే అక్కడికైనా వెళ్ళండి.

ఇంకో మాట. కొత్తగా దెబ్బ తగిలిన మోకాలిని నూనె పోసి గట్టిగా తోమించడం, నాటు కట్టు కట్టించడం మన ఊళ్ళల్లో ఇంకా ఉంది. వాపు మీద ఆ తోముడు వద్దే వద్దు. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం మేలు. కాలు మోపి నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, మోకాలు సగం కూడా మడవలేకపోయినా, మోకాలి చిప్ప మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. మోకాలు మడిచినచోటే బిగుసుకుపోయి తెరుచుకోకపోతే, లేదా ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం కూడా వస్తే బెల్టు సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక అమ్మగారు. ఈ వయసులో ఎక్కువగా ఉండేది గుజ్జు అరుగుదల. ఎక్స్‌రే తీయిస్తే నిలబెట్టి తీయమని అడగండి, పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగ్గా కనపడదు. మా అమ్మకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు, నిలబెట్టి తీస్తే లోపలి వైపు సందు బాగా తగ్గిపోయి ఉంది. నడిచేటప్పుడు కాళ్ళు విల్లులా బయటికి వంగినట్టు మాకు కనిపిస్తూనే ఉండేది కూడా.

మా అమ్మకు మొదట వాడింది మెత్తటి నీక్యాప్. నొప్పి ఓ మోస్తరుగా ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది, వెచ్చదనం వల్ల, బిగువు వల్ల హాయిగా ఉంటుంది, అడుగు వేయడానికి నమ్మకం వస్తుంది. అరిగిన గుజ్జు మాత్రం దానితో తిరిగి రాదు, అలా వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒక వైపే బాగా అరిగి, కాలు వంగినవాళ్ళకు అన్‌లోడర్ అని వేరే బ్రేస్ ఉంటుంది, అది తొడనీ పిక్కనీ పట్టుకుని మోకాలి మీద పడే బరువును అరిగిన వైపు నుంచి రెండో వైపుకు కొంచెం మళ్ళిస్తుంది. పని చేస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ, కాస్త లావుగా ఉంటుంది, చీర కింద వేసుకుని వంటింట్లో తిరగడం ఇబ్బందే. డాక్టరు చెప్పకుండా, కొలత తీయించకుండా అది కొనకండి.

నా దృష్టిలో అమ్మగారికి బెల్టు కన్నా ముందు రావలసినవి మూడున్నాయి. తొడ ముందు కండరానికి వ్యాయామం: మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కిందికి నొక్కి కొన్ని క్షణాలు ఆపడం, కాలు తిన్నగా ఉంచి పైకెత్తడం, మంచం మీదే చేసుకోవచ్చు. రెండోది బరువు, ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మూడోది చేతికర్ర. అది నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి, మన పెద్దవాళ్ళు చాలామంది తిరగేసి పట్టుకుంటారు. అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం సలహాల్లో మోకాలి అరుగుదలకు బ్రేస్ కూడా గట్టిగా చెప్పిన వాటిలోనే ఉంది, కానీ నొప్పి వల్ల నడకకే అడ్డం వచ్చేవాళ్ళకని చెప్పారు. వ్యాయామం, బరువు తగ్గడం, కర్ర కూడా అదే వరసలో ఉన్నాయి. పీట మీద కూర్చుని కూరలు తరగడం, బాసింపట్టు వేయడం మాన్పించి కుర్చీ అలవాటు చేస్తేనే మా అమ్మకు సగం ఊరట వచ్చింది.

నొప్పి చిప్ప చుట్టూ, చిప్ప వెనక ఉండి, దిగుతున్నప్పుడు ఎక్కువైతే చిప్ప దగ్గర రంధ్రం, దాని చుట్టూ మెత్తటి రింగు ఉన్న రకం చూడండి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్ళు మా దగ్గర ఏటా అడుగుతుంటారు, ఎక్కేటప్పుడు బాగానే ఉండి దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయని. దిగుడులో చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది, అందుకు ఇది కొంచెం పనికొస్తుంది. చిప్ప కింద నరంలా గట్టిగా తగిలే చోట, అంటే బాగా ఎగిరి ఆడేవాళ్ళకు నొప్పి వచ్చే చోటైతే, సన్నటి పట్టీ ఒకటి చాలు. కాలంతా కదలకుండా తిన్నగా పట్టి ఉంచే పొడుగు బ్రేస్‌ని మాత్రం సొంతంగా కొనకండి, అది చిప్ప విరిగినప్పుడూ ఆపరేషన్ తరువాతా డాక్టరు చెప్పినన్ని రోజులే.

సైజు గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. చాలా షాపుల్లో మనిషిని చూసి, లావుగా ఉన్నారు ఎక్స్‌ఎల్ ఇచ్చేయ్ అంటారు. మా అమ్మకు ఒక షాపులో అలాగే ఇచ్చారు, నాలుగడుగులకే పిక్క మీదికి జారిపోయింది. దర్జీల టేపు తీసుకెళ్ళండి. నిలబడి, కాలు వదులుగా ఉంచి, చిప్ప మధ్యలో చుట్టుకొలత తీయండి, తరువాత చిప్ప నుంచి 15 సెంటీమీటర్లు పైన తొడ మీద పెన్నుతో గీత పెట్టి అక్కడ, అలాగే కింద పిక్క మీద కూడా. ఒక్కో కంపెనీ ఒక్కో చోట కొలవమంటుంది, టైనార్, విస్కో, ఫ్లెమింగో లాంటివాటి అట్టపెట్టె మీద సైజు పట్టిక అచ్చు వేసి ఉంటుంది, అందులో చూపించిన చోటే కొలవాలి. ఒక కంపెనీలో ఎల్ అయితే ఇంకో కంపెనీలో కూడా ఎల్ అవుతుందనుకోవద్దు. తొడ లావు, పిక్క సన్నం ఉన్నవాళ్ళకు గొట్టంలా తొడిగేది జారుతుంది, వాళ్ళు చుట్టి వెల్‌క్రో అంటించే రకం కొనుక్కోవాలి. వేళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళకు కూడా అదే సులువు, పాదం నుంచి పైకి లాక్కోనక్కరలేదు.

షాపులోనే తొడుక్కుని చూడండి. హింజ్ ఉన్నదైతే కీలు సరిగ్గా చిప్ప మధ్య ఎత్తులోకి రావాలి, కిందికి ఉంటే బ్రేస్ ప్రతి అడుగుకీ జారుతుంది. మోకాలు కొంచెం మడిచి కూర్చుని ముందు పిక్క పైభాగం పట్టీ బిగించి, తరువాత తొడ పట్టీలు. బిగించాక పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. లేచి షాపు ముందు కాసేపు నడిచి, మెట్టు ఎక్కి దిగి, కూర్చుని చూడండి. విప్పాక చర్మం మీద లోతుగా ఎర్రటి గాడి పడి చాలాసేపు పోకపోతే అది బిగుతే. మోకాలికి బయటి వైపు కొంచెం కింద ఎముక గుండ్రంగా తగులుతుంది, దాని వెనకే పాదాన్ని ఎత్తే నరం పోతుంది, అక్కడ గట్టిగా నొక్కితే పాదం తిమ్మిరెక్కి, మరీ అయితే పాదం పైకి లేవకుండా పోయే ప్రమాదం ఉంది. తిమ్మిరి, పిక్క వాపు, వేళ్ళు చల్లబడటం కనిపిస్తే వెంటనే విప్పండి. విప్పాక కూడా పిక్క ఉబ్బే ఉండి నొప్పి చేస్తుంటే డాక్టరుకు చూపించాలి.

పని చేసేటప్పుడు, నడిచేటప్పుడు వేసుకుని, పడుకునేటప్పుడు తీసేయండి, డాక్టరు ఉంచమంటే తప్ప. మన ఎండల్లో నియోప్రిన్ (రబ్బరు లాంటి గుడ్డ) రకం లోపల చెమటతో తడిసిపోతుంది, కొందరికి దాని వల్లే దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్ళు గాలి ఆడే అల్లిక రకం తీసుకోవాలి. సబ్బు నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి, ఉతికే ముందు లోహపు బద్దలు తీసి, వెల్‌క్రో మూసి ఉంచండి, లేకపోతే దానికి దారాలు పట్టి అంటుకోవడం మానేస్తుంది.

ధర గురించి: మామూలు నీక్యాప్ వందల్లో వస్తుంది, హింజ్ ఉన్నది వెయ్యి చుట్టుపక్కల నుంచి పైకి, అన్‌లోడర్ వేలల్లో. అమ్మగారి మెత్తటిది మాత్రం పర్లాకిమిడిలోనో, పక్కనే పాతపట్నంలోనో తొడిగి చూసి కొనండి, సైజు మార్చుకోవడం తేలిక. ఆన్‌లైన్‌లో తీసుకుంటే కొనేముందే సైజు మార్పిడి ఉందో లేదో చదవండి, ప్యాకెట్ తెరిస్తే వెనక్కి తీసుకోనివి కొన్ని ఉంటాయి. తమ్ముడిని డాక్టరు చూశాక ఏం చెప్పారో ఇక్కడే రాయండి, హింజ్ బ్రేస్ రాస్తే కొలతలు కూడా పెట్టండి, ఏ సైజు పట్టికలో ఎక్కడ పడతాడో నేను చూసి చెప్తాను.