పాతాళం వేరు, నరకం వేరు

ప్రశ్న: నాన్నగారు పోయి ఏడాది నిండింది. జ్ఞాపకార్థ కూడికలో పాస్టర్‌గారు పదహారో కీర్తన చదివారు. ‘నీవు నా ఆత్మను పాతాళములో విడచిపెట్టవు’ అన్నచోట మా ఎనిమిదేళ్ల బాబు నా చెయ్యి పట్టుకుని, ‘తాతయ్య పాతాళంలో ఉన్నాడా? అక్కడ మంటలుంటాయా?’ అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాతాళం అంటే నరకమేనా అండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. ఆ మాట బాబుకి ఈ రాత్రే చెప్పండి.

ఆ కీర్తనలో పాతాళం అని మనం చదివేచోట హెబ్రీలో ఉన్న మాట ‘షెయోల్’. చనిపోయినవాళ్లందరూ చేరే చోటు అది. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ, రాజులూ కూలీలూ అందరూ అక్కడికే. చీకటి, నిశ్శబ్దం ఉంటాయి గానీ మంటలుండవు. యోసేపును ఏదో మృగం చంపేసిందనుకుని యాకోబు ఏడుస్తూ, ‘మృతుల లోకమునకు నా కుమారునియొద్దకు వెళ్లెదను’ అంటాడు. అక్కడా హెబ్రీలో ఉన్నది షెయోలే. తన బిడ్డ నరకంలో ఉన్నాడని ఏ తండ్రి అనుకుంటాడు? బాబుకి ఈ కథ చెప్పండి, చాలు.

పురాణాల్లోనూ పాతాళం శిక్షపడే చోటు కాదు. కింది ఏడు లోకాల్లో అట్టడుగుది, వాసుకి మొదలైన నాగులు ఉండేది. నారదుడు అక్కడికి వెళ్లొచ్చి ఇంద్రలోకం కంటే అందంగా ఉందన్నాడని విష్ణుపురాణం చెబుతుంది. రౌరవం, కుంభీపాకం లాంటివి వేరు, అవి నరకాలు. భాగవతం అలాంటివి 28 లెక్క చెబుతుంది.

31 ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. ఈ మాట వచ్చినప్పుడల్లా మా అమ్మమ్మ ఇంటి బావి దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. తాడు తెగి చేద బావిలో పడితే పక్కింటి నుంచి పాతాళగరిగె తెచ్చేవాళ్లు. ఇనుప కొక్కేల గుత్తి అది. దాన్ని దింపి తిప్పుతుంటే కింద ఎక్కడో చేద తగిలి తాడు బరువెక్కేది. శ్రీశైలంలో మెట్లు దిగి మునిగే కృష్ణ కూడా మనకు పాతాళగంగే. తెలుగువాళ్ల నోట పాతాళమంటే లోతు, చల్లదనం, నీళ్లు. షెయోల్‌కి ఈ మాట ఎంచుకున్న అనువాదకులంటే నాకు గౌరవం.

లూకా 16లో ధనవంతుడు పాతాళంలో అగ్నిజ్వాలలో యాతనపడ్డాడు కదా అని మిమ్మల్ని ఎవరైనా అడగొచ్చు. అక్కడి గ్రీకు మాట ‘హేడీస్’. గ్రీకుల మృత్యులోకానికీ, దాన్ని ఏలే దేవుడికీ అదే పేరు. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి మార్చిన యూదులు షెయోల్‌కి ఆ మాటే తీసుకున్నారు. యేసు కాలానికి అక్కడ మంచివాళ్లకొక చోటు, చెడ్డవాళ్లకొక చోటు ఉంటాయన్న ఆలోచన వచ్చింది. పదహారో కీర్తనలో ఆ విభజన లేదు.

రెండో పేతురు పత్రిక రెండో అధ్యాయంలో ఇంకో చిక్కుంది. అక్కడి ‘పాతాళలోకం’ వెనక ఉన్నది టార్టరస్, గ్రీకు కథల్లో టైటన్లు అనే పాతతరం దేవతలను బంధించిన చెర. భూమ్మీద నుంచి కంచు దాగలిని జారవిడిస్తే తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు పడుతూనే ఉండి పదోనాడు అక్కడికి చేరుతుందని ప్రాచీన గ్రీకు కవి హెసియోడ్ రాశాడు. ఈ మూడింటికీ మనకు దొరికింది ఒకే మాట. అడుగున చిన్న వివరణ అచ్చువేస్తే ఎంతమంది పిల్లల భయం తీరేదో!

ప్రశ్న: మా గల్లీలో కోపమొస్తే ‘జహన్నుమ్‌లోకి పో’ అంటారు. బైబిల్లో గెహెన్నా అన్నదీ ఇదేనని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా సార్?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే. యెరూషలేము పాత నగరాన్ని పడమటి నుంచి దక్షిణానికి చుట్టివచ్చే లోయ పేరు హెబ్రీలో గే హిన్నోం. అదే గ్రీకులో గెహెన్నా, అరబీలో జహన్నమ్ అయింది. ఉర్దూ నోట మీ గల్లీకి చేరింది.

ఆహాజు, మనష్షే రాజులు తమ కొడుకులను అగ్నికి అర్పించింది ఈ లోయలోనే. యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రం చేసి ఆ ఆచారాన్ని ఆపించాడు. కొత్త నిబంధనలో గెహెన్నా 12 సార్లు వస్తుంది. 11 సార్లు యేసు నోట, ఒకసారి యాకోబు పత్రికలో. మనం నరకం అని చదివేది దాన్నే.

అది ఊరి చెత్త తగలబెట్టే చోటని, అందుకే మంటలు ఆరేవి కావని చాలామంది బోధిస్తారు. సండే స్కూల్లో నేనూ అలాగే చెప్పాను. దానికి ప్రాచీన ఆధారం లేదు. ఆ మాట తొలిసారి కనిపించేది 1200 ప్రాంతంలో, దావీదు కింహి అనే యూదు పండితుడి వ్యాఖ్యానంలో. ఆ లోయకు చెడ్డపేరు తెచ్చింది చెత్త కాదు, పసిబిడ్డల చావు. ఇవాళ అక్కడ చెట్లూ పచ్చికా ఉన్నాయి.

ప్రశ్న: కీర్తనల్లో బ్రాకెట్లో ‘సెలా’ అని ఉంటుంది. పైకి చదవాలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అక్కర్లేదమ్మా. కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకులో 3 సార్లు వస్తుంది. అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు గానీ, పాడేవాళ్లకో వాయించేవాళ్లకో పెట్టిన గుర్తని ఎక్కువమంది అంటారు. గ్రీకు అనువాదకులు దాన్ని పాట మధ్య విరామంగా తీసుకున్నారు. నేను చదివేటప్పుడు అక్కడ ఒక్క ఊపిరి ఆగి, తర్వాతి చరణం ఎత్తుకుంటాను.