లిండిస్‌ఫార్న్ దారి నీటిలో మునిగి వెనుదిరిగారా? ప్రణాళిక ఇలా మార్చండి

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లాలని మీరు కారులో చేరేసరికి దారి కనిపించకపోవడానికి కారణం వాన కాదు, సముద్రపు పోటు. ఆ రోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది.

1. నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే తేదీకి సురక్షితంగా దాటే వేళలు చూడండి. నిన్నటి వేళలు పనికిరావు, పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

2. చాలామంది మరిచేది ఇదే: వెళ్లే వేళ చూస్తారు, తిరిగొచ్చే గడువు చూడరు. దాన్ని కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. 635లో మఠం వెలసిన ఆ దీవిలో, ఎర్రరాతి శిథిలాల మధ్య గంటలు ఇట్టే గడిచిపోతాయి.

3. దారి మూసి ఉండే వేళకు ఇవతలి ఒడ్డున ఉన్న బాంబరో కోట చూడటం పెట్టుకోండి.

నీరు కొద్దిగానే ఉందని మాత్రం దిగకండి. దారి మధ్యలో స్తంభాలపై కనిపించే తెల్లని గది అలా చిక్కుకున్నవారి కోసమే కట్టారు.